ఉత్సాహం తగ్గిన తర్వాత...

ప్రతి ఆచరణకూ ఒక ఉత్సాహ కాలం ఉంటుందని, ప్రతి ఉత్సాహం తర్వాతా ఒక సడలింపు వస్తుందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలియజేశారు. ఆ సడలింపులో కూడా తన సున్నత్‌ను అంటిపెట్టుకున్నవాడే సన్మార్గం పొందాడన్నారు (ముస్నద్ అహ్మద్).

ఆనందపురం పూల మార్కెట్లో పనిచేసే ఒక సోదరుడు మమ్మల్ని అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఆయన రమజానులో ఖుర్ఆన్ భావాన్ని తెలుగులో తన చేతిరాతతో నోటుపుస్తకంలో రాసుకోసాగారు. తరావీహ్ తర్వాత రోజూ రెండు మూడు పేజీలు రాసేవారు. పండుగ వెళ్ళింది. పెళ్ళిళ్ళ ముహూర్తాలు వచ్చాయి, తెల్లవారకముందే పూల బుట్టల దగ్గర ఉండాలి. బఖరా సూరా సగంలో కలం ఆగిపోయింది. "మౌలానా సాబ్, నా ఈమాన్ బలహీనపడిందా?" అని అడిగారు.

అలా అనుకోవడమే షైతానుకు కావలసింది. పని ఆగినందుకు బాధపడే మనిషిని, ఇక నీవల్ల కాదులే అని వాడు నమ్మిస్తాడు.

పై హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యౌవనంలో ప్రతిరోజూ ఉపవాసముండేవారు, ప్రతి రాత్రీ ఖుర్ఆన్ పూర్తిచేసేవారు. నెలకు మూడు ఉపవాసాలు, నెలకొకసారి ఖుర్ఆన్ చాలునని ప్రవక్త (సఅసం) ఆయనకు చెప్పారు. నాకు ఇంకా శక్తి ఉందని ఆయన పదే పదే విన్నవించుకున్నారు. చివరికి రోజు విడిచి రోజు ఉపవాసం, వారానికొకసారి ఖుర్ఆన్ అని నిర్ణయమయింది. వృద్ధాప్యంలో, ఆనాడు ఆ సౌలభ్యాన్ని స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయన అన్నారు. అయినా వదిలిపెట్టలేదు. రాత్రి చదవాల్సిన భాగాన్ని పగలే ఇంట్లో ఒకరికి వినిపించుకునేవారు, రాత్రి తేలికవుతుందని. నీరసించినప్పుడు కొన్నాళ్ళు ఉపవాసాలు ఆపి, ఆ రోజులు లెక్కపెట్టుకుని తర్వాత పూర్తిచేసేవారు (బుఖారీ).

కాబట్టి ఎంత చేయాలో ఉత్సాహం పొంగిన రోజున నిర్ణయించుకోకూడదు. అలసి ఇంటికొచ్చిన రోజున ఎంత చేయగలమో అదే మన వంతు. అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన ఆచరణ కొద్దిపాటిదైనా నిత్యం సాగేదేనని మనం విన్నదే. రోజుకొక్క ఆయతు రాస్తే 6236 ఆయతులకు సుమారు 17 ఏళ్ళు పడుతుంది. అంతకాలమా అనిపించవచ్చు. మరి ఖుర్ఆన్ అవతరణే సుమారు 23 ఏళ్ళు సాగింది కదా! ఒక్కసారిగా ఎందుకు దిగలేదని అవిశ్వాసులు ఆక్షేపిస్తే, ప్రవక్త హృదయాన్ని స్థిరపరచడానికేనని ఫుర్ఖాన్ సూరా 32వ ఆయతులో అల్లాహ్ జవాబిచ్చాడు.

మనకున్న సౌకర్యమూ తక్కువది కాదు. ఉత్తరాంధ్రకు చెందిన చిలుకూరి నారాయణరావుగారు ముస్లిం కాకపోయినా 1925లోనే ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత ముస్లిం పండితుల అనువాదాలూ వచ్చాయి. మనం చేయవలసిందల్లా చదివి రాసుకోవడమే.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. "ఇంకా అక్కడే ఉన్నావా?" అని నవ్వకండి. ఆ రోజు రాసిన ఆయతును చదివి వినిపించమనండి. రమజానులో ఆ ఉత్సాహం సగం జమాఅత్ వల్ల వచ్చిందే. మిగతా నెలల్లో ఆ తోడు ఇంటినుంచే దొరకాలి.

జ్వరం వస్తే, ప్రయాణం తగిలితే ఏం చేయాలని అడిగేవారున్నారు. ఆరోగ్యంగా, ఇంటిపట్టున ఉన్నప్పుడు దాసుడు చేస్తుండిన ఆచరణల పుణ్యం ఆ రోజుల్లోనూ అతని ఖాతాలో రాయబడుతుందని బుఖారీ హదీసులో ఉంది. అయితే అంతకుముందు అలవాటంటూ ఉండాలి.