ఒకరి విశ్రాంతి, ఒకరి శ్రమ



వేసవి వచ్చినదంటే తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల మన కుటుంబములకు ఒక శనివారము పూండి జలాశయమునకు పోవుట వాడుక. పులిహోర, పెరుగన్నము కట్టుకొని పిల్లలతో వ్యానెక్కుదుము. వారమంతయు కష్టపడినవారికి ఇది న్యాయమైన విశ్రాంతియే. అయితే దాని భారము ఎవరు మోయుచున్నారు?

పులిహోర కొరకు తెల్లవారకముందే లేచినవారు మన స్త్రీలు. కట్టమీద వడ్డించువారు వారే, రాత్రి గిన్నెలు తోమువారును వారే. వారు మనతో వచ్చిరి గాని వారికి సెలవు రాలేదు.

నీటి సంగతియు అంతే. 1944లో కొసస్థలైయారు మీద కట్టి ముగించిన ఈ జలాశయము చెన్నై నగరమునకు త్రాగునీరు. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము చొప్పున కృష్ణా నీరు 1996లో ఇక్కడికి చేరినది. మనము విడిచిన విస్తళ్లు, ప్లాస్టిక్ సంచులు ఏరువారొకరు, ఆ నీరు త్రాగువారు వేరొకరు.

ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్లతో జనము వచ్చి పోయిన తరువాత వీధులలో మిగిలిన చెత్తను చూచి మనము పెదవి విరుతుము. మన కట్టమీది చెత్త మాటేమి?

ఒక్క రోజే గదా అని కొందరు అందురు. ఆ ఒక్క రోజైనను అందరిది కావలెను గదా! విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసదాసీలకును పరదేశికిని పాలున్నది. కావున ఈ వేసవిలో పులిహోర పురుషులే కలుపుదము. తిరిగి వచ్చునప్పుడు చెత్త నింపుటకు ఒక గోనెసంచియు వెంట తీసికొని పోదము.