పాత లారీ, ఆప్తవాక్యం

లారీల వ్యాపారానికీ బాడీ బిల్డింగుకూ పేరుపడ్డ సాలూరులో పాత బండి కొనే మనిషి ముందున్నది నిజానికి న్యాయ దర్శనం వేసిన ప్రశ్నే: ఎదుటివాడి మాట ఎప్పుడు ప్రమాణం అవుతుంది? ఆ దర్శనానికి వాత్స్యాయనుడు రాసిన భాష్యం ప్రకారం ఆప్తుడికి, అంటే మాట ప్రమాణమయ్యే మనిషికి, విషయం స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరికా ఉండాలి. అమ్మేవాడికి మొదటిది నిండుగా ఉంటుంది. రెండోదానికి ధర అడ్డొస్తుంది. అందుకే ప్రత్యక్షం, అనుమానం తోడు కావాలి. కొత్త రంగు కంటికి ఇంపే గాని, ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్సీతో సరిపోవాలి, ఫ్రేము మీద వెల్డింగు అతుకులు వెతకాలి, కమాను కట్టల్లో పట్టీ విరిగిందేమో చూడాలి. కొండమీది పొగను చూసి నిప్పును నిర్ణయించిన తార్కికుల పద్ధతే సైలెన్సరు దగ్గరా పనికొస్తుంది: నీలిపొగ ఇంజనాయిలు కాలుతోందంటుంది, నల్లపొగ డీజిలు పూర్తిగా కాలలేదంటుంది. చలికాలపు ఉదయం తొలి నిమిషాల తెల్లపొగ మాత్రం దోషానికి గట్టి హేతువు కాదు. ఇంజను వేడెక్కాక మళ్లీ చూడాలి.

ఇంత పరీక్ష అమ్మేవాణ్ణి అవమానించడం కాదా అనవచ్చు. శాస్త్రంలో అనుమానమంటే శంక కాదు, హేతువు మీద నిలిచిన నిర్ణయం. బండిని పరీక్షకు మనసారా ఒప్పగించినవాడి మాటకే ఆ తర్వాత బలం. మరి చూసుకునే బాధ్యత కొనేవాడిదైతే అమ్మేవాడు మౌనంగా ఉండొచ్చు కదా? 1930 నాటి వస్తు విక్రయ చట్టం, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, నాణ్యతకు హామీ ఉన్నట్టు భావించదు. చట్టం అక్కడ ఆగినా ధర్మం ఆగదు. బ్రేకు లోపాన్ని దాచిన మౌనం కొన్నవాడితో పోదు. అదే బండి సుంకి ఘాట్ దిగేటప్పుడు, బేరంలో లేని డ్రైవరూ క్లీనరూ దాని వెల కడతారు.