చవుక తుపాకి వెల

అమెరికాదేశమున సామాన్య సంపాదనగల వేటకాడు పెద్ద గుండును పేల్చు రైఫిలును కోరి, చేతిలోని సొమ్ము చాలనప్పుడు, ఒకమారునకు ఒక్క తూటా మాత్రమే పట్టు తుపాకిని వెదకును. తూటాల పెట్టెయు, దానినుండి తూటాను లోనికి త్రోయు యంత్రమును లేవు గనుక అట్టిది చవుకగా దొరకును. ఈ చవుకతనమునకు వేటకాండ్రు ఒక ధర్మమును గూడ జోడించియున్నారు. రెండవ తూటా లేనివాడు మొదటిదానిని ఆలోచించి పేల్చునట. కావున ఒంటితూటా తుపాకి నిగ్రహము నేర్పునట. లేమిచే కొన్న వస్తువునకు సుగుణము నంటగట్టుట మనుష్యస్వభావము. అయినను ఈ మాటను విచారింపక విడువరాదు. ఏలయన, ఇచట పొరపాటు చేయువాడొకడు, దాని ఫలము ననుభవించునది వేరొక ప్రాణి.

హింసయే కూడదను వారితో మాకిచట వాదము లేదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ ప్రశ్నను చాలవరకు తీర్చివేసినది. చట్టము వేటను సమ్మతించిన దేశమున, వేటాడ నిశ్చయించుకొన్నవాని బాధ్యతయే మా విషయము.

నిగ్రహవాదమును చరిత్ర బలపరుపదు. 1870 తరువాతి దశాబ్దమున అమెరికా మైదానములలో బైసను దున్నల మందలను నేలగూల్చిన తుపాకులలో ఒంటితూటావే ప్రసిద్ధములు. షార్ప్స్ కంపెనీవారి బరువైన రైఫిలు వానిలో పేరుమోసినది. వేటకాడు దూరమున కూర్చుండి, తుపాకిని ఊతకర్రలపై ఆనించి, ఒక్కొక్క తూటానే నింపుకొనుచు, తొందరపడక, దున్న వెనుక దున్నను పడగొట్టెను. తోలు ఒలుచుకొని మాంసమును క్రుళ్లనిచ్చుట మామూలయ్యెను. లక్షలకొలది తిరిగిన ఆ దున్నలలో ఉత్తర అమెరికా యంతట మిగిలినవి వేయికి కొంచెము పైబడినవి మాత్రమేయని 1889లో హార్నడే యను జంతుశాస్త్రజ్ఞుడు లెక్క తేల్చెను. ఆ వేటకాండ్రకు ఓపిక లేదనగలమా? గురి లేదనగలమా?

ఇక చవుకతనమును చూతము. ఈ జాతి తుపాకులలో నేటికిని విరివిగా వాడు తూటా ‘.45-70’. అమెరికా సైన్యము దీనిని 1873లో స్వీకరించెను. గుండు అడ్డుకొలత అంగుళములో నూటికి 45 పాళ్లు, తుపాకిమందు 70 గ్రెయినులు అని ఆ పేరున కర్థము. ఆనాటి గుండు బరువు 405 గ్రెయినులు, అనగా ఇంచుమించు 26 గ్రాములు. అంత గుండును ముందుకు త్రోసినప్పుడు తుపాకి వెనుకకు తన్నక మానదు. అదే తూటాకు తుపాకి ఎంత తేలికయో తన్ను అంత గట్టిది. కొనునాడు చేతికి తేలికగా నున్నదని మురిసినవాడు నాలుగు తూటాలు కాల్చునప్పటికి భుజము పట్టుకొనును. అయిదవదానికి మీట నొక్కకముందే కన్ను మూయును. పైగా పెద్ద తూటాలు ప్రియము. తుపాకిలో మిగిల్చిన సొమ్ము తూటాలలో పోవుచున్నదని అభ్యాసము మానును. వేటకాలము వచ్చును, అడవికి పోవును, దుప్పి కడుపున గుండు తగిలి పొదలలో దూరును. అది చచ్చుటకు గంటలు పట్టవచ్చును.

‘ధర్మము ధనికునకేనా?’ యని పేదవాడు మమ్మడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఇంటిల్లిపాదికి శీతకాలపు మాంసము కొరకు వేటాడువానికి, గోడకు కొమ్ములు తగిలించుకొను షోకిలా కంటె అడవిపై హక్కెక్కువయని మేము నమ్ముదుము. కాని గాయపడిన దుప్పికి ఈ భేదము తెలియదు. అందుచే పేదవానికి మేము చెప్పునది వేరు: చవుక తుపాకిని కొనుము, గుండును తగ్గించుము. దుప్పికి ఇంత గుండు అవసరమే లేదు. 1955లో వచ్చిన ‘.243’ తూటా, అంగుళములో నాలుగవ పాలు కూడ లేని గుండుతో, దానికి చాలుచున్నది. తన్నును మిక్కిలి తక్కువ. పెద్ద గుండే కావలెనని పట్టుపట్టినచో, బరువైన తుపాకిని, మడమకు మెత్తని రబ్బరు దిండుగలదానిని ఎన్నుకొని, అభ్యాసమునకు వలయు తూటాల వెలను తుపాకి వెలలోనే కలిపి లెక్క చూచుకొనవలెను. ఈ బరువైన గుండు నిదానముగా పోవును. నూరు గజములకు గురి సరిచేసిన తుపాకి రెండు నూర్ల గజములకు అడుగునకు మించి క్రిందికి కొట్టును. ఈ సంగతి పుస్తకమున చదివినంత మాత్రమున భుజమునకు అలవడదు.

చవుకయని పాతవానికి ఎగబడువారును కలరు. హారింగ్టన్ రిచర్డ్సన్ వారి ‘హ్యాండీ రైఫిలు’ తయారీ 2015లో నిలిచినది. అది నేడు చేతులు మారిన సరుకుగా దొరకును. వానిని పరీక్షించి కొనవచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు ‘ట్రాప్‌డోరు’ సైనిక తుపాకుల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. నేటి బలమైన .45-70 తూటాలు వానిలో చక్కగా పట్టును గాని, ఆ ఒత్తిడిని ఆ పాత ఇనుము ఓర్చుకొనలేదు.

ఒంటితూటా తుపాకిపై అసలు ఫిర్యాదు మరియొకటి. గాయపడిన జంతువునకు రెండవ దెబ్బ వెంటనే కావలెను. ఆరితేరినవారు రెండవ తూటాను వ్రేళ్లసందున పట్టుకొని క్షణములలో నింపుదురు. పేలిన డొల్ల గొట్టములో ఇరుకుకొన్నచో ఆ నేర్పు వ్యర్థము. కొనువాడు అంగడిలోనే ఖాళీ డొల్లను పెట్టి, పదిమారులు తెరచి మూసి, అది తడవ తడవకు బయటకు వచ్చుచున్నదో లేదో చూచుకొని పిమ్మట వెల యడుగవలెను.