బుద్ధికి కొలబద్ద

మనుష్యుని తెలివిని కొలుచుట సాధ్యమా, కొలిచి చెప్పిన యంకె వాని బ్రదుకును ముందుగా దెలుపగలదా యను ప్రశ్నలు పండితుల గ్రంథములలో మాత్రమే యుండిన కాలము గడచినది. నేడవి మన యిండ్లలో ప్రవేశించినవి. హైదరాబాదు నడుమ నున్న అమీరుపేటలో మైత్రీవనము కూడలియొద్ద నొక గడియసేపు నిలిచినచో నీ ప్రశ్న యెంత బరువైనదో తెలియును. తెలుగుదేశపు నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు ఇఱుకుగదుల హాస్టళ్లలో నుండి, చంకలో నకలుకాగితముల కట్టలు పెట్టుకొని, ఒక శిక్షణాలయమునుండి మఱొకదానికి నడచుచుందురు. అచ్చట కంప్యూటరు విద్యతోబాటు, ఉద్యోగమునకు ముందు కంపెనీలు పెట్టు 'ఆప్టిట్యూడ్' పరీక్షను దాటు నేర్పును గూడ బోధింతురు. సంఖ్యల వరుసలో తప్పిపోయినదానిని గనుగొనుట, గడియారపు ముళ్లనడుమ కోణమును లెక్కగట్టుట, చుట్టఱికపు చిక్కులను విప్పుట, ఇవన్నియు బుద్ధిపరీక్షల ప్రశ్నలకు తోబుట్టువులే. ఈ పరీక్షలో నెగ్గినవాడు బ్రదుకులోను నెగ్గునా? నెగ్గనివాని బ్రదుకు వ్యర్థమా? దీనిని శాంతముగా విచారింతము.

మొట్టమొదట నీ కొలబద్ద యెందుకు పుట్టినదో తెలిసికొనవలెను. 1905వ సంవత్సరమున పారిసు నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సీమోన్ అను నిరువురు, బడిలో వెనుకబడిన బిడ్డలను గుర్తించి వారికి తగిన చదువు చెప్పించుటకై యొక పరీక్షను గూర్చిరి. బుద్ధి పుట్టుకతో గట్టిన మూట యనియు, దానిని పెంచజాలమనియు ననువారిని బినే ఖండించెను. 1911లో నతడు మరణించెను. 1912లో జర్మను పండితుడు విలియం స్టెర్న్ మానసిక వయస్సును నిజ వయస్సుచే భాగించు పద్ధతిని జెప్పెను. 1916లో అమెరికాలో లూయిస్ టర్మన్ ఆ ఫలమును నూఱుచే గుణించి 'ఐ.క్యూ.' యను నంకెను ప్రచారమునకు దెచ్చెను. వెనుకబడినవాని చేయి పట్టుకొనుటకై పుట్టిన సాధనము మనుష్యులను మెట్లమీద నిలబెట్టు సాధనమైనది. టర్మన్ కొన్ని జాతులవారికి మందబుద్ధి సహజమని గూడ వ్రాసెను. జన్మమునుబట్టి మనుష్యుని విలువ కట్టు నాచారముతో తరతరములుగా పోరాడుచున్న మనకు నీ వాదము క్రొత్తది గాదు. పాత కులవాదమే యంకెల వేషము వేసికొని వచ్చినది.

అట్లని యీ పరీక్షలు వట్టి బూటకమనుట న్యాయము గాదు. 2007లో ఇయన్ డియరీ మొదలైనవారు ఇంగ్లండులో 70,000లకు మించిన బిడ్డలను పరిశీలించి, పదునొకండవ యేట వ్రాసిన బుద్ధిపరీక్షకును పదునాఱవ యేట వ్రాసిన బడిపరీక్షలకును 0.81 పొత్తు గలదని చూపిరి. రెండును పూర్తిగా కలసినడచినచో 1, సంబంధమే లేనిచో 0 అని యీ లెక్క కర్థము. కనుక నిది గట్టి సంబంధమే. కాని యిచ్చట నొక పరీక్ష మఱొక పరీక్షనే ముందుగా దెలుపుచున్నది. రెంటిలోను ప్రశ్నను పరులు సిద్ధపఱచియుందురు. సరియైన సమాధానము ముందే నిర్ణయింపబడియుండును. ప్రక్కవాని నడుగుట నేరము. ఇంటిలో, అంగడిలో, ఆఫీసులో నెదురగు ప్రశ్న లిట్టివి గావు. అచ్చట ప్రశ్న యేదియో మనమే కనిపెట్టవలెను, సమాధానములు పెక్కులు, తెలిసినవారిని సాయమడుగుటయే వివేకము.

ఉద్యోగముల మాట చూతము. 1998లో ష్మిట్, హంటర్ అను పండితులు 85 ఏండ్ల పరిశోధనలను సమీకరించి, బుద్ధిబలమునకును పనితనమునకును 0.51 పొత్తు గలదనిరి. 2022లో పాల్ శాకెట్ మొదలైనవారు ఆ లెక్కలో చేసిన సవరణలు మితిమీఱినవని చూపి, దానిని 0.31కి దించిరి. దీనిని వర్గము చేసినచో పదింట నొక పాలు వచ్చును. అనగా పనివారి నడుమ గాన్పించు హెచ్చుతగ్గులలో తక్కిన తొమ్మిదిపాళ్లకు కారణమును మఱియొకచోట వెదకవలెను. ధనము మాట యింకను విచిత్రము. 2007లో జే జగోర్‌స్కీ యను నర్థశాస్త్రవేత్త అమెరికావారిని పరిశీలించి, మార్కులతోబాటు ఆదాయము పెరుగుచున్నదని కనుగొనెనుగాని, కూడబెట్టిన యాస్తికిని మార్కులకును గట్టి సంబంధమును గానలేదు. సంపాదించు తెలివి వేఱు, నిలుపుకొను తెలివి వేఱని మన గృహిణులకు పరిశోధన లేకయే తెలియును. తన పక్షమునకే తర్కమును వంచుకొను దోషము గూడ తెలివిగలవారిలో నంతగా తగ్గుటలేదని కీత్ స్టానోవిచ్ మొదలైనవారు చూపిరి.

టర్మన్ 1921లో కాలిఫోర్నియాలో మిక్కిలి యెక్కువ మార్కులు పొందిన సుమారు 1,500 మంది బిడ్డల నెన్నుకొని వారి జీవితములను పరిశీలింప నారంభించెను. వారిలో చాలమంది ఆచార్యులు, వైద్యులు, న్యాయవాదులు నైరి. కాని నోబెల్ బహుమానము నొక్కరును పొందలేదు. చాలినన్ని మార్కులు రాక విడువబడిన విలియం షాక్లీకి 1956లోను, లూయిస్ అల్వారెజ్‌కు 1968లోను ఆ బహుమానము లభించెను. ఎన్నికైన పురుషులలో మిక్కిలి పైకి వచ్చినవారిని, రానివారిని టర్మన్ తానే పోల్చిచూడగా, మార్కులలో భేద మల్పము. పట్టుదలలోను, ఆత్మవిశ్వాసములోను, తల్లిదండ్రుల విద్యలోను భేద మెక్కువ. ఇక నా బృందములోని స్త్రీలలో పెక్కుమంది గృహకృత్యములకే పరిమితులైరి. వారి తెలివి తక్కువది గాదు. వారి యెదుట తలుపులు మూసియుండెను. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినప్పుడు తెలుగు బాలికలకు క్రొత్తగా మెదడు పుట్టలేదు, తలుపు తెఱువబడినది. నేడు అమీరుపేట హాస్టళ్లలో నుండి చదువుకొను యువతు లట్టి తలుపులగుండ వచ్చినవారే. కావున విజయమునకు వ్యక్తి బుద్ధితోబాటు సంఘము తెఱచిన ద్వారమును కారణమే.

మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర నిచ్చట స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యీ మహనీయుడు మెట్రిక్యులేషను పరీక్ష రెండుమాఱులు తప్పి మూడవమాఱు కృతార్థుడయ్యెను. అమెరికా చేరి, 1948లో మరణించులోపల, ఫోలిక్ ఆమ్లమును గూర్చియు, మెథోట్రెక్సేటు మందును గూర్చియు జరిగిన కృషికి నాయకత్వము వహించెను. పంజగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ వంటి యాసుపత్రులకు కీళ్లవాతముతో వచ్చు రోగులకు నేటికిని వైద్యులు వ్రాయు మందులలో నిది యొకటి. అయితే ఒక్క సుబ్బారావుగారిని జూపి పరీక్షలన్నియు వ్యర్థమనుట తర్కము గాదు. పరీక్ష తప్పినవారందఱును సుబ్బారావులు గారు. ఒకనాటి మార్కు తుదితీర్పు గాదని మాత్రము వారి జీవితము ఋజువు చేయుచున్నది.

ఇక అమీరుపేట మనకు నేర్పు పాఠమును జూడుడు. బుద్ధి పుట్టుకతో నిలిచిపోవు వస్తువైనచో దానిని కొలుచు ప్రశ్నలకు శిక్షణ యిచ్చుట యెట్లు? నెలలు తరబడి సాధన చేసినవాడు మొదటిసారి ప్రశ్నలను జూచినవానిని మించుట సహజమే. తరములు గడచినకొలది పెక్కు దేశములలో బుద్ధిపరీక్షల మార్కులు పెరుగుచు వచ్చినవని 1984లోను, 1987లోను జేమ్స్ ఫ్లిన్ లోకమునకు దెలిపెను. ఒక్క తరములో మానవుని నెత్తురు మాఱదు. చదువు, తిండి, పరిసరములు మాఱును. కాబట్టి మార్కులో బుద్ధితోబాటు అభ్యాసము, అవకాశము, తండ్రి చెల్లింపగలిగిన ఫీజు గూడ కలసియున్నవి.

అయిన నీ పరీక్షల నెత్తివేయుడని మేము కోరుట లేదు. పరీక్ష లేనిచోట సిఫారసు రాజ్యమేలును. కులమును, చుట్టఱికమును తలుపుకడ కాపలా కాయును. పల్లెటూరి కూలివాని కుమార్తె తన మార్కును జూపి ఉద్యోగము నడుగగలుగుట చిన్న లాభము గాదు. జల్లెడను జల్లెడగా వాడుకొనవచ్చును. దానిని ధర్మకాటాయని నమ్ముటయే తప్పు.

మన భాష యీ సంగతిని చాల కాలము క్రిందటనే గ్రహించినట్లున్నది. తెలుగింటిలో 'బుద్ధిమంతుడు' అనగా లెక్కలు వేగముగా చేయువాడు గాడు. పెద్దల మాట వినువాడు, నడవడి గలవాడు. 'బుద్ధి చెప్పుట' యనగా దారిలో పెట్టుట. చదువుకొన్నవాడు తప్పు చేసినప్పుడు 'బుద్ధి గడ్డి తిన్నది' యందుము. అచ్చట లోపించినది లెక్కల నేర్పు గాదు. 'చదవేస్తే ఉన్న మతి పోయినది' యను సామెతయు నిట్టి యనుభవమునుండియే పుట్టినది. తెలివి, వివేకము, లౌక్యము, శీలము అని వేఱువేఱు పేళ్లు పెట్టుకొన్న జాతికి వీనినన్నిటిని ఒక్క యంకెలో నిమిడ్చుట తగునా? నిత్యజీవితమున విజయమనగా జీతము మాత్రమే యైనచో ఆ యంకె కొంత చెప్పును. మాట నిలుపుకొనుట, అప్పుల పాలుగాకుండుట, పదిమందికి సాయపడుట, ఓడినప్పుడు క్రుంగకుండుట గూడ విజయములే యైనచో నది చెప్పునది మిక్కిలి స్వల్పము.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. బిడ్డకు మార్కు లెక్కువ వచ్చినచో నది యొక సాధనమని చెప్పి, దానితో నేమి మేలు చేయవలెనో నేర్పుడు. తక్కువ వచ్చినచో బినే యుద్దేశమును దలచుకొని, ఎచ్చట సాయము కావలెనో కనుగొనుడు. ఆ యంకెను బిడ్డ పేరుగా మార్చి చుట్టములలో చాటకుడు. ఫలితములు వెలువడిన రాత్రి, తన విలువ యింతేయని తలచి ప్రాణము తీసికొన్న పిల్లల వార్తలను మన తెలుగు పత్రికలలో నెన్నిమాఱులు చదివితిమి! ఆ బిడ్డలకు లెక్కలు రాకపోవచ్చును. ఆ యంకెకు మించినది తమలో గలదని వారికి తెలియజెప్పవలసిన భారము మాత్రము పెద్దలమైన మనది.