కథ వినువాని ధర్మము

అద్భుతకథలను వినుట మనుష్యునకు మేలా, కీడా యను ప్రశ్న మన యిండ్లలో క్రొత్తది కాదు. అవ్వ చెప్పెడి మాయల మరాఠీల కథ పిల్లల బుద్ధిని మందగింపజేయునని కొందరును, ఆ కథలు లేని బాల్యము బాల్యమే కాదని మఱికొందరును వాదించుచునే యున్నారు. ఇప్పుడా ప్రశ్న వేఱొక వేషముతో వచ్చినది. అవ్వ కూర్చుండిన చోట చేతిఫోను కూర్చున్నది. శాపములు, మంత్రములు, సప్తసముద్రముల కావలి దీవులు గల కథలను నటులు చదివియు, ఆడియు, సంగీతముతోడను చప్పుళ్లతోడను మన చెవుల కందించుచున్నారు. ఈ శ్రవ్యకథలను గుఱించి ఒక శ్రోతగా నాకు తోచినది వ్రాయుచున్నాను. వ్రాయుటకు కారణము మా మేనత్త.

ఆమె మార్కాపురమునకు సమీపమునగల తర్లుపాటిలో నున్నది. ఎనుబదియేండ్లు దాటినవి, చూపు మసకబాఱినది. మా చిన్నతనమున వేసవి రాత్రులందు ఆరుబయట నులకమంచము వాల్చి, ఆమె చెప్పిన కథలు విని పెరిగినవారము మేము. చెప్పుచు చెప్పుచు ఆగి, “ఊఁ కొట్టకపోతే చెప్పను పో” అని బెదరించెడిది. మాలో నెవ్వడైనను నిద్రపోయినచో ఆ సంగతి ఆమెకు ఊఁకారము తప్పుటచేతనే తెలిసెడిది. కన్నులు చెడినపిదప ఆమెకు కాలక్షేపము కావలెనని ఒక ఫోనును కొనియిచ్చినవాడను నేనే. క్రిందటి యేడు చూడబోయినప్పుడు, “అత్తమ్మ ఇప్పుడు ఎవర్నీ పిలవటం లేదన్నయ్యా, కథలు వింటా హాయిగా ఉంది” అని కోడలు సంతోషముతో చెప్పెను. నేనును సంతసించితిని.

ఆమె ప్రక్కన కూర్చుండి కొంతసేపు చూచితిని. చెవులలో తీగెలు పెట్టుకొని, కన్నులు మూసికొని వినుచుండెను. నడుమ నడుమ మెల్లగా “ఊఁ” అనుచుండెను. కథ చెప్పువానికి ఆ ఊఁకారము వినబడదు. కొంతసేపటికి తీగెలు తీసి, “అబ్బాయా, ఈ కథ ఎప్పుడైపోద్దిరా? నేను పోయేలోపల అయిపోద్దంటావా?” అని యడిగెను. ఫోనులో చూచితిని. భాగములు వందలు దాటినవి; ముగింపు కనబడలేదు. ఆమెకేమి చెప్పవలెనో నాకు తోచలేదు. ఆనాటినుండియు ఈ విషయమును ఆలోచించుచున్నాను.

అద్భుతకథలపై సంస్కారప్రియుల పాత యాక్షేపణ మేమనగా, అవి అసత్యములు, మూఢవిశ్వాసమునకు బీజములు అని. ఈ యాక్షేపణ నాకు సరియైనదిగా తోపదు. అబద్ధము వేఱు, కల్పన వేఱు. అబద్ధమాడువాడు తాను కల్పించిన సంగతిని దాచును. కథ చెప్పువాడు మొదటనే చెప్పివేయును. మన పెద్దలు “అనగనగా” అని యెత్తుకొనుటలోని యంతరార్థ మిదియే. ఆ మాట ఒక యొడంబడిక. ఇకమీద చెప్పబోవునది జరిగినది కాదని చెప్పువాడును, ఎఱిగియే వినుచున్నానని వినువాడును చేసికొనిన కట్టుబాటది. దయ్యము పట్టినదని చెప్పి డబ్బు గుంజువాడు “అనగనగా” అనడు. మూఢవిశ్వాసమునకును కథకును గల భేద మా యొక్క మాటలో నున్నది. మన సంస్కర్తలలో అగ్రగణ్యుడైన కందుకూరి వీరేశలింగము పంతులుగారు గలివరు యాత్రల ననుసరించి ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ వ్రాసిరి. అందలి ఆడుమళయాళములో స్త్రీలు ఏలుదురు. మన స్త్రీలు పడు బాధల నక్కడ పురుషులు పడుదురు. లేని దేశమును చూపి ఉన్న దేశమునకు సిగ్గు కలిగించిన యా గ్రంథము అద్భుతకథ కాక మఱేమి?

ఆ యొడంబడిక చెడినప్పు డేమగునో ప్రపంచ మొకసారి చూచినది. 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్సు అను నటుడు, అంగారకగ్రహవాసులు భూమిపై దండెత్తి వచ్చినట్లు హెచ్.జి. వెల్సు వ్రాసిన నవలను రేడియో నాటకముగా ప్రసారము చేసెను. అందు మొదటిభాగమంతయు వార్తలు చదువు ఫక్కిలో నడచినది. ఇది నాటకమని ఆదిలోనే చెప్పినను, ఆలస్యముగా వినసాగిన కొందఱు నిజమని భయపడిరి. దేశమంతయు తల్లడిల్లినదని మఱునాటి పత్రికలు వ్రాసిన వ్రాతలు చాలవఱకు అతిశయోక్తులని తరువాత పరిశోధకులు తేల్చిరి. అయినను కొందఱు భయపడుట నిజమే. వారు మూఢులని నే ననను. వారి చెవిని “అనగనగా” అను మాట పడలేదు, అంతియే. నేడు యంత్రమే మనుష్యస్వరము ననుకరించి కథలు చదువుచున్నది. చదువుటలో దోషము లేదు. కాని అది యంత్రస్వరమని శ్రోతకు ముందుగా చెప్పవలెను. అదియు ఆ యొడంబడికలోని భాగమే.

ఇక చదువుటను, నటించుటను గుఱించి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున ‘కీచకవధ’తో మొదలిడిన సురభి నాటకసమాజములవారు రంగస్థలముపై వింతలు చూపుటకు తెఱలు, తీగెలు, యంత్రములు సమకూర్చుకొనవలసి వచ్చినది. కంటిని నమ్మించుట కష్టము. చెవికి అంత పని లేదు. “కోట తలుపు తెఱచుకొనెను” అని ఒక మంచిగొంతు మెల్లగా చెప్పినచో ఎవరి కోట వారి మనస్సులో లేచును. మా అత్తకు కనబడు కోట కంభము చెఱువుగట్టు మీద నుండవచ్చును. నాకు కనబడునది నల్లమల కొండలలో నుండవచ్చును. కావుననే, రాక్షసుడు వచ్చినపుడెల్ల చెవులు పగులునట్లు నవ్వించుట, ప్రతిమాట వెనుకను ఉఱుములు మ్రోగించుట నాకు రుచింపవు. పూర్వము రేడియో నాటకములలో కొబ్బరిచిప్పలు తట్టి గుఱ్ఱపు డెక్కల చప్పుడు పుట్టించెడివారు. ఆ చప్పుడు నాలుగు క్షణములు వినబడి యాగిపోయెడిది. పిమ్మట గుఱ్ఱమును పరుగెత్తించుట శ్రోత పని. పదిమంది నటులు ఆడిన నాటకమునకంటె, ఒక్కరు ఆదినుండి తుదివఱకు నిదానముగా చదివిన కథయే నా మనస్సున ఎక్కువకాలము నిలుచును. చదువరి వినువానిపై నమ్మకముంచవలెను. అంతయు తానే చేసి పెట్టువాడు వినువానిని సోమరిని చేయును.

శ్రోత సోమరి కాకుండుటకు మనవారు ఏర్పఱచిన రెండవ కట్టుబాటు ఊఁకారము. బుఱ్ఱకథను తలచుకొనుడు. నడుమ నున్న కథకుడు కథ చెప్పుచుండగా ఇరుప్రక్కల నున్న వంతలు తందాన పాడుచు, నడుమ నడ్డుపడి ప్రశ్నింతురు. ఒకడు హాస్యమాడును, ఒకడు లోకపు సంగతులు తెచ్చి ముడిపెట్టును. వినువాని సందేహమును వేదికమీదనే నిలబెట్టిన కళ యది. రాజు చేసినది న్యాయమేనా, ఆ పిల్ల చేసిన తప్పేమి అని యడుగువాడున్నచోట కథ విమర్శకు నిలువవలసివచ్చును. అడుగువాడు లేనిచోట కథలోని అన్యాయముకూడ కమ్మని గొంతుతో చెవిలో దిగిపోవును. సవతితల్లి యెల్లప్పుడును దుష్టురాలు, నల్లనివాడే మాంత్రికుడు, తక్కువజాతివాడే ద్రోహి యను కథలు నేడును తక్కువగా లేవు. ఇవి అద్భుతములగుటచే చెడ్డవి కావు. ఎదురు ప్రశ్న లేకుండ వినబడుటచే చెడుచేయును.

రేడియోకును ఊఁకారము వినబడదు గదా యని యెవరైన నడుగవచ్చును. నిజమే. 1938లో మద్రాసు ఆకాశవాణి కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును, 1963లో కడప కేంద్రమును నెలకొన్నవి. వాని నాటకములు మనకు బదులు చెప్పలేదు. కాని ఆ పెట్టె యింటి నడుమ నుండెడిది. పదిమంది దాని చుట్టు చేరెడివారు. అది మన మాట వినకపోయినను, మన మాట మనము వినెడివారము. నాటకము ముగిసినపిదప వంటయింటిలో దానిపై వాదము జరిగెడిది. చెవిలోని తీగె ఆ వాదమును తెంపివేసినది. ఒక యింట నలుగురు నాలుగు కథలు వినుచు ఒకరినొకరు పలుకరింపకుండుట నేడు మనమెఱిగినదే.

ఇట్లనుటచే శ్రవ్యకథలను నేను నిందించుచున్నానని యెవరును తలపవలదు. అక్షరము రానివారికి, చూపులేనివారికి, చేతులు పనిలోనున్నవారికి ఇది గొప్ప యుపకారము. మిరపకాయ లేరుచున్న స్త్రీ పుస్తకము పట్టుకొనలేదు, కథ వినగలదు. అమెరికాలో అంధులకొఱకు మాటలాడు పుస్తకములను పళ్లెములపై చెక్కి 1934లో పంచిపెట్టుట మొదలిడిరి. ఒక్కొక్క ప్రక్క సుమారు 15 నిమిషములు పలికెడిది. ప్రక్క ముగియగానే వినువాడు లేచి పళ్లెమును త్రిప్పవలెను. ఆ లేచుట యొక యిబ్బందియే. కాని ఆ క్షణమున, ఇంకను వినవలెనా యని తన్నుతా నడుగుకొనుటకు వానికి వీలుండెను. నేటి కథ ఒక భాగము ముగియకమున్నే రెండవదానిని అందించును.

ఇచ్చట మూడవ కట్టుబాటు జ్ఞప్తికి వచ్చును. “కథ కంచికి, మన మింటికి” అని మనవారు ముగించెడివారు. ముగింపు కథకు అలంకారము మాత్రమే కాదు. అది వినువానికి విడుదల. కథాలోకమునుండి తన లోకమునకు వానిని మరల నప్పగించుట చెప్పువాని విధి. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ చిన్న గ్రంథము కాదు. అందు మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు ఒక గోపబాలుని తోడు గొనును. దారిలో తన కగపడిన వింతలను గుఱించి అడిగినపుడెల్ల కథ చెప్పవలెనని ఆ బాలుడు నియమము పెట్టును. కథ నడచునది మజిలీలో. కథ యయినపిదప ఇద్దఱును లేచి నడతురు. ఎంత పెద్ద గ్రంథమైనను దాని ముఖము కాశివైపున కున్నది. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1981లో టోల్కీను వ్రాసిన అద్భుతగాథను 26 భాగముల రేడియో నాటకముగా ప్రసారము చేసిరి. ఒక్కొక్కటి అరగంట. ఇన్ని భాగములని మొదటనే తెలియును. ఇరువదియాఱవ వారమున కథ ముగియును. నిడివి దోషము కాదు. గమ్యము లేకుండుటయే దోషము.

కథను ఉత్కంఠలో తెంచుట క్రొత్త కాదనియు, అరేబియా కథలలో షహరజాదు రాత్రి రాత్రికి అట్లే చేసినదనియు చెప్పవచ్చును. ఆమె తన ప్రాణమునకై తెంచెను. ఆ కథల మూలముననే రాజు క్రౌర్యము విడిచెను. వినువానిని మార్చి విడిచిపెట్టుట కామె కథ సాగినది. వినువానిని విడువకుండుటకే కథను సాగదీసి, కత్తి మెడమీదికి వచ్చినచోట నిలిపి, తరువాతి భాగమునకు రుసుము చెల్లింపుమనుట వర్తకము. వర్తకము నేరము కాదు. కాని వృద్ధుల యేకాంతమును, పిల్లల కుతూహలమును దానికి సరకుగా చేయుట ధర్మము కాదు.

అయితే తప్పంతయు కథ నమ్మువారిపై మోపి చేతులు కడుగుకొనుటకు నాకు మనసొప్పదు. మా అత్త ఎవరిని పిలుచుట లేదని మేము సంతోషించితిమి. ఆమె పిలుపునకు పలుకవలసిన ఋణమును ఒక ఫోనుతో తీర్చుకొంటిమి. యంత్రము కథ చెప్పగలదు గాని, కథ విన్న మనిషి ప్రక్కన కూర్చుండలేదు. ఆమె కోరినది కథ మాత్రమే కాదని, చీకటిలోనికి ఆమె యనుచున్న ఆ ఊఁకారము వినునప్పటికిగాని నాకు తెలియలేదు.

ఆనాడు సాయంకాలము తీగెలు తీసివేసి, పదిమందికి వినబడునట్లు ఫోనును మంచముపై పెట్టితిమి. కోడలు, మనుమరాలు, నేను చుట్టు కూర్చుంటిమి. ఒక్క భాగమే వింటిమి. రాకుమారుడు గుహ వాకిట నిలిచియుండగా అది తెగినది. మనుమరాలు తరువాతిది పెట్టబోగా, “ఆగవే, ఇంకెంతకాలం తిప్పుతారు వాణ్ణి? ఆ గుహలో ఏముందో నేను చెబుతా” అని అత్త యెత్తుకొనెను. ఆమె చెప్పుచుండగా మేము ఊఁ కొట్టితిమి. అర్ధగంటలో మాంత్రికుడు చచ్చెను, శాపము తీఱెను, రాకుమారుడు తల్లియొద్దకు చేరెను. మనుమరాలు రెండుచోట్ల అడ్డుపడి, ఆ యువరాణిని ఎవరైన అడిగి పెండ్లి చేసిరా యని ప్రశ్నించెను. అత్త కొంచె మాలోచించి, “అడిగారులే” అని కథ మార్చెను.

ఆ ఫోనులోని కథ ఇంకను సాగుచునే యున్నదట. మా యింట అది కంచికి పోయినది. అద్భుతకథలను వినుడు, పిల్లలకును పెద్దలకును వినిపింపుడు. కాని ప్రక్కన కూర్చుండి వినుడు, సందేహము వచ్చినచోట ఆపి యడుగుడు, ప్రొద్దుపోయినపుడు ముగింపుడు. చెప్పువాడు ఆ మూడు కట్టుబాట్లను మఱచినను, వాని నిలుపుకొనుట వినువాని చేతిలో నున్నది.