ఇంటి లెక్క కూడా అమానతే



పాశమైలారం, పటాన్‌చెరు కర్మాగారాలను నమ్ముకుని బతికే మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ ఇళ్ళల్లో నెల మొదటి వారం ఒక రకంగా, చివరి వారం మరో రకంగా గడుస్తుంది. జీతం పడిన రోజు ఇంట్లో మాంసం వండుతారు, పిల్లలకు కొత్త చెప్పులు వస్తాయి. ఇరవయ్యో తేదీ దాటేసరికి కిరాణా దుకాణంలో ఖాతా మొదలవుతుంది. నెలాఖరుకు తోటి కార్మికుడి దగ్గర చేబదులు అడగవలసి వస్తుంది. ఎందుకిలా అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "మౌలానా! సంపాదనలో బరకత్ లేదు, దుఆ చేయండి."

దుఆ తప్పకుండా చేస్తాం. బరకత్ ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. అయితే దుఆతో పాటు ఒక ప్రశ్న కూడా అడుగుతాం: పోయిన నెల జీతం దేనికెంత ఖర్చయిందో చెప్పగలరా? ఇంటి అద్దె చెబుతారు, బియ్యం ధర చెబుతారు, ఆ తర్వాత ఆగిపోతారు. ఎటు పోయిందో మనకే తెలియని సొమ్ములో బరకత్ లేదని ఎలా తేల్చగలం?

రెండు ప్రశ్నలు

ప్రళయదినాన మనిషిని అతని ఆయుష్షు గురించి, జ్ఞానం గురించి, శరీరం గురించి అడిగినట్లే సంపద గురించి కూడా అడగటం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (తిర్మిజీ). సంపద విషయంలో మాత్రం ప్రశ్నలు రెండు. ఎలా సంపాదించావు? దేనికి ఖర్చు పెట్టావు?

మొదటి ప్రశ్న గురించి మన మస్జిదుల్లో తరచుగా వింటూనే ఉంటాం. హలాల్ సంపాదన కోసం మన సోదరులు బాయిలర్ల వేడిలో, రసాయనాల ఘాటులో, రాత్రి షిఫ్టుల్లో ఒళ్ళు వంచి పనిచేస్తున్నారు. అల్లాహ్ వారి శ్రమను స్వీకరించుగాక! కాని రెండో ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉందా? సంపద మనది కాదు, దానిపై మనల్ని ప్రతినిధులుగా నియమించాడన్న భావాన్ని దివ్యఖుర్ఆన్ బోధిస్తుంది (57:7). యజమాని సొమ్ము చేతిలో ఉన్న గుమాస్తా లెక్క రాయకుండా ఉంటాడా?

ఖర్చు చేయటం తప్పు కాదు. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, ఆలుబిడ్డలకు ఖర్చుపెట్టే దీనార్లలో ఆలుబిడ్డల కోసం ఖర్చుపెట్టిన దీనారుకే అధిక పుణ్యమని ప్రవక్త (స) తెలిపారు (ముస్లిం). దుబారా చేయకుండా, పిసినారితనమూ చూపకుండా మధ్యేమార్గంలో నడవటం కరుణామయుని దాసుల లక్షణమని ఖుర్ఆన్ వర్ణించింది (25:67). ఆ మధ్యేమార్గం ఎక్కడుందో కళ్ళకు కనబడాలంటే లెక్క కాగితం మీదికి రావాలి.

ఇది తవక్కుల్‌కు విరుద్ధమా?

"రేపటి సంగతి అల్లాహ్ చూసుకుంటాడు, ఈ లెక్కలెందుకు?" అని కొందరు అంటారు. హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం గుర్తుచేసుకోండి. ఏడేళ్ళ పంటల తర్వాత ఏడేళ్ళ కరువు రానున్నదని తెలిసినప్పుడు ఆయన ఏం చెప్పారు? తినడానికి కావలసిన కొంత మాత్రం తీసుకుని, మిగిలిన ధాన్యాన్ని వెన్నుల్లోనే ఉంచి దాచమన్నారు (12:47-48). ఆయనను మించిన తవక్కుల్ మనకుందా? బనూ నజీర్ తోటల ఖర్జూరాల రాబడి నుంచి మహాప్రవక్త (స) తమ ఇంటివారికి ఏడాదికి సరిపడే ఆహారం తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలిపారు (బుఖారీ). ఏర్పాటు చేసుకుని అల్లాహ్‌పై భారం మోపటమే నిజమైన తవక్కుల్.

ఎలా మొదలుపెట్టాలి?

పిల్లల నోటుపుస్తకం ఒకటి చాలు. మొదటి నెల ఏ ఖర్చూ తగ్గించనక్కర్లేదు, ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. ఇషా నమాజు తర్వాత ఆ రోజు ఖర్చయిన ప్రతి రూపాయినీ రాయండి. నెల తిరిగేసరికి ఆ పుస్తకమే మీతో మాట్లాడుతుంది.

రెండో నెల నుంచి జీతం పడిన రోజే పంచుకోండి. ఉదాహరణకు ఒక ఇంటికి 18,000 రూపాయలు చేతికి వస్తున్నాయనుకుందాం. అద్దె 4,000, బియ్యం, కిరాణా 5,000, పాలు, కూరగాయలు, మాంసం 2,500, గ్యాస్, కరెంటు 1,200, పిల్లల చదువు 1,200, బస్సు, ఫోను 900, మందులు 500, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు 1,000, పాత అప్పు 1,000, రమజాన్, పండుగ కోసం 500, సదఖా 200. మొత్తం సరిగ్గా 18,000. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండవచ్చు. అద్దె ఎక్కువైతే మరోచోట తగ్గాలి. స్తోమత గలవాడు స్తోమత కొద్దీ, ఉపాధి తక్కువున్నవాడు తనకు లభించిన దానిలో నుంచే ఖర్చు చేయాలన్నది ఖుర్ఆన్ ఆదేశం (65:7).

ఇందులో మూడు విషయాలు గమనించండి. ఒకటి, సదఖా చివర మిగిలితే ఇచ్చేది కాదు, ముందే తీసిపెట్టేది. రెండు, జీతం ఇంగ్లీషు నెలల ప్రకారం వస్తుంది, రమజాన్ చాంద్రమానం ప్రకారం వస్తుంది. అది ప్రతి ఏడాదీ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నెలనెలా తీసిపెట్టేవారికి అది హఠాత్తుగా వచ్చినట్లు అనిపించదు. మూడు, ఓటీ డబ్బును ఈ లెక్కలో కలపకండి. ఓటీ ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. వచ్చినప్పుడు అప్పు తీర్చడానికో, ఆపదకో పక్కన పెట్టండి.

ఇక చిల్లర ఖర్చు సంగతి. గేటు బయట చాయ్, జర్దా, సిగరెట్ కలిపి రోజుకు 50 రూపాయలు అయితే నెలకు 1,500, ఏడాదికి 18,000. అంటే పైన చెప్పిన ఇంట్లో పూర్తిగా ఒక నెల జీతం! చాయ్ తాగవద్దని మేము అనటం లేదు. కాని పన్నెండు నెలలు పనిచేసి ఒక నెల కష్టాన్ని గేటు దగ్గరే వదిలి వస్తున్నామని తెలిసి ఉండాలి కదా! ఆరోగ్యాన్ని తినేసే జర్దా కోసమైతే అది మరీ విచారకరం.

ఈ పుస్తకం భర్త జేబులో కాదు, ఇంట్లో ఉండాలి. జీతమెంతో భార్యకు చెప్పని భర్తలున్నారు, చేసిన అప్పు భర్తకు చెప్పని భార్యలూ ఉన్నారు. భర్త అబూసుఫ్యాన్ ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వటం లేదని హజ్రత్ హింద్ (రజి) ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ న్యాయంగా సరిపడేంత తీసుకోవటానికి ప్రవక్త (స) ఆమెను అనుమతించారు (బుఖారీ). ఇంటి అవసరం ఇల్లాలికి తెలుసు. కాబట్టి ఇద్దరూ కూర్చుని సంప్రదించుకోండి.

అప్పు అనే బరువు

ప్రవక్త (స) నమాజులో రుణభారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఎందుకింతగా శరణు కోరుతున్నారని అడిగితే, అప్పులపాలైనవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, మాటిస్తే తప్పుతాడు అని కారణం చెప్పారు (బుఖారీ). అప్పు ముందు జేబును, తర్వాత ఈమాన్‌ను తినేస్తుంది. వడ్డీ అప్పు అయితే చెప్పనే అక్కర్లేదు. సూక్ష్మరుణ సంస్థల వారపు వాయిదాలు కట్టలేక పేద కుటుంబాలు నలిగిపోతే 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. నేడు అదే ఉచ్చు ఫోనులో యాప్ రూపంలో ఉంది.

అప్పులో ఉన్నవారు సిగ్గుపడి దాక్కోకండి. ఎవరికెంత ఇవ్వాలో రాసి, గడువుకు ముందే వారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పండి. అప్పిచ్చిన సోదరులు కూడా, ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు ఇవ్వాలన్న ఆజ్ఞను (2:280) గుర్తుంచుకోండి. మస్జిదు కమిటీలు తలచుకుంటే చిన్న ఖర్జె హసనా నిధి పెట్టటం అసాధ్యమేమీ కాదు.

చివరి పేజీ

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు సంభవించింది. నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్టకూటికి వచ్చినవారు. డీ.ఎన్.ఏ. పరీక్షలతో గాని ఎవరి దేహం ఎవరిదో తెలియని పరిస్థితి. ఆ ఉదయం వారంతా మనలాగే సాయంత్రం ఇంటికి వస్తామనుకునే డ్యూటీకి వెళ్ళారు.

జనాజా తెచ్చినప్పుడు మృతునిపై అప్పేమైనా ఉందా అని ప్రవక్త (స) విచారించేవారు. మూడు దీనార్ల అప్పుందని తెలిసి ఒకరి జనాజా నమాజు తాము చేయించకుండా సహచరులను చేయమన్నారు. ఆ అప్పు తాను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడ్డాకే ఆయన నమాజు చేయించారు (బుఖారీ). ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు అక్కడ ఉన్నారు. రేపు మన జనాజా దగ్గర అదే ప్రశ్న వేస్తే మన ఇంట్లో ఎవరి దగ్గర జవాబు ఉంది? ఇద్దత్‌లో కూర్చున్న ఇల్లాలి ముందుకు ఎవరో వచ్చి మీ ఆయన నాకు ఇరవై వేలు ఇవ్వాలంటే, ఆమె అది నిజమో కాదో ఎలా తెలుసుకుంటుంది?

అందుకే గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (2:282). వీలునామా రాయవలసిన విషయమున్న ముస్లిం అది రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపటం తగదని ప్రవక్త (స) ఉపదేశించారు (బుఖారీ). కనుక నోటుపుస్తకం చివరి పేజీని దీనికోసం ఉంచండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, ఎవరి అమానతు మన దగ్గర ఉంది, భార్యకు ఇవ్వవలసిన మహర్ ఇంకా ఎంత మిగిలింది, పి.ఎఫ్. నంబరు, ఈ.ఎస్.ఐ. నంబరు, బ్యాంకు ఖాతా - అన్నీ రాయండి. మహర్ కూడా అప్పేనని మరవకండి. పి.ఎఫ్.‌లో పెళ్ళికి ముందు రాయించిన నామినీ పేరే ఉండిపోయిందేమో చూసి మార్పించండి. ఆ పేజీ ఎక్కడుందో ఇంట్లోవారికి చెప్పండి.

వచ్చే జీతం రోజు దాకా ఆగవద్దు. ఆ చివరి పేజీని ఈ రాత్రే రాయండి, మిగతా పేజీలు నెల నెలా నిండుతాయి.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి, మా ఖర్చులో సమతూకం ప్రసాదించు. మా చేతులతో అన్యుల హక్కు పోకుండా కాపాడు. రుణభారంతో నీ సన్నిధికి వచ్చే దుస్థితి మాకు కలిగించకు. పనికి వెళ్ళిన ప్రతి ఇంటి మనిషినీ క్షేమంగా ఇంటికి చేర్చు. ఆమీన్.