నీకు గడువెప్పుడు?

"నీకు గడువెప్పుడు?" అని ఆవిడ అడిగితే నాకు ముందు అర్థం కాలేదు. డచ్ సరిగా రాకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు.

ఐండ్‌హోవెన్‌లో ఒక లైబ్రరీ. వారానికోసారి అక్కడ టాల్‌కఫే, అంటే కాఫీ తాగుతూ భాష మాట్లాడుకోవడం. ఫ్లాస్కు, మనిషికో బిస్కెట్టు (ఒకటే, డబ్బా మూత మళ్లీ పడిపోతుంది), రిటైరైన ఒక టీచరమ్మ, చుట్టూ ఐదారుగురం. ఆవిడ సిరియా నుంచి వచ్చింది, నాకంటే పదేళ్లు పెద్దది. మర్యాదకి 'ఉ' అన్నాను, అంటే 'మీరు'. నవ్వి, 'యై' చాలులే అంది. పెద్దవాళ్లని 'నువ్వు' అనడానికి నా నోరు ఇప్పటికీ తిరగదు.

ఆవిడకి మూడేళ్ల గడువు. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, శరణార్థులూ, భర్త దగ్గరికో భార్య దగ్గరికో వచ్చినవాళ్లలో చాలామందీ ఆ లోపల పరీక్షలు గట్టెక్కాలి. అంతకుముందు ఏ2 స్థాయి డచ్ సరిపోయేది, ఇప్పుడు మామూలుగా బీ1 కావాలి. తమ తప్పువల్ల ఆలస్యమైతే జరిమానా పడొచ్చు. ఇక్కడి సమాజం గురించి ఇంకో పరీక్ష. ఇవికాక ఒక పత్రం మీద సంతకం కూడా పెట్టాలి: స్వేచ్ఛ, సమానత్వం, సంఘీభావం ఈ దేశపు విలువలని, వాటిని గౌరవిస్తాననీ.

నన్నెవరూ ఆ సంతకం అడగలేదు. నేను 'కెన్నిస్‌మిగ్రాంట్'ని, నైపుణ్యమున్న వలసవాణ్ణి. పౌరసత్వమో శాశ్వత నివాసమో కావాలనుకుంటే నేనూ పరీక్ష రాయాలి, అనుకోకపోతే లేదు. పైగా నేను వచ్చినప్పుడు మొదటి ఐదేళ్లు జీతంలో 30 శాతం దాకా పన్ను మినహాయింపు. అంటే సమానత్వాన్ని గౌరవిస్తానని ఆవిడ రాసివ్వాలి, నేను అక్కర్లేదు.

"మరెందుకు నేర్చుకుంటున్నావు?"

"ల్యోక్" అన్నాను. బాగుంటుందని, సరదాకి అని. ఆ మాట ఇంటికొచ్చాక కూడా వదల్లేదు.

నేను బెంగళూరులో నాలుగేళ్లున్నాను. 'కన్నడ గొత్తిల్ల' అన్న ఒక్క ముక్క నేర్చుకుని, దాంతోనే గడిపేశాను. మా వాచ్‌మన్‌ది రాయచూరు వైపు, నాకోసం తనే తెలుగులోకి దిగేవాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకొచ్చే ఒడిశా కూలీలు మేస్త్రీతో మాట్లాడేపాటి తెలుగు పట్టేస్తారు. గచ్చిబౌలి టవర్లో పదేళ్లున్నవాడికి 'బాగున్నారా' దాటి రాదు. ఎక్కడైనా భాష నేర్చుకునే పని కిందివాడిదే. డచ్‌వాళ్లు దాన్ని చట్టంలో రాసుకున్నారు, మనం రాసుకోలేదు, అంతే.

ఇది అన్యాయం కదా అని ఆవిడతో అన్నాను. నా జాలి ఆవిడకి నచ్చలేదు. ఇదివరకు స్కూల్లో టీచరు మాటలు పదకొండేళ్ల కొడుకే తర్జుమా చేసేవాడట. వాళ్లు తిట్టినవన్నీ ఇంటికొచ్చేసరికి పొగడ్తలయ్యేవి. ఇప్పుడు ఒక్కతే వెళుతోంది. "గడువు వద్దు, జరిమానా వద్దు, భాష కావాలి" అంది. కాసేపాగి, "నీకూ పెట్టాలి పరీక్ష" అంది. సగం నవ్వుతూనే.

మా ఫ్రెండ్స్ అనేది వేరు. ఎదుటివాడికి ఇంగ్లీషొచ్చు, మనకొచ్చు, ఇంకెవరికి నష్టం? కొట్లో నేను డచ్‌లో మొదలుపెడితే రెండో వాక్యానికి కౌంటర్లో అమ్మాయే ఇంగ్లీషులోకి మారుతుంది, దయతోనే. ఇద్దరి మధ్యే అయితే ఈ వాదన బాగానే నిలబడుతుంది.

కానీ పోయినేడు మా ఫ్లాట్ ఓనర్ల మీటింగు. ఎనిమిదిమందిమి. నన్ను చూసి ఒకాయన "ఇంగ్లీషులో మాట్లాడుకుందామా?" అన్నాడు, అందరూ తలూపారు. రెండో అంతస్తు ముసలావిడ మాత్రం ఆ తర్వాత నోరు విప్పలేదు. సగంలో కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆవిడ ఉంటున్న బిల్డింగు, ఆవిడ భాష. నేనేమీ అడగలేదు, నిజమే. నేను అక్కడ కూర్చోవడమే సరిపోయింది. నష్టం ఎవరికి అన్న ప్రశ్నకి నాకు జవాబు అక్కడ దొరికింది. ప్రభుత్వం అడగలేదు కాబట్టి బాకీ లేదనుకున్నాను. ఈ బాకీ ప్రభుత్వానికి కాదు, ఆ రెండో అంతస్తుకి.

ఈసారి మీటింగుకి ముందే మెయిల్ పెట్టాను: డచ్‌లోనే జరపండి, అర్థమైనంత అర్థం చేసుకుంటాను అని. ('దే' పెట్టాలో 'హెట్' పెట్టాలో తేల్చుకోవడానికే పావుగంట పట్టింది.) సగం అర్థమైంది. సైకిల్ షెడ్డు పైకప్పు గురించి అందరితోపాటు చెయ్యెత్తాను. దేనికి ఒప్పుకున్నానో మినిట్స్ వచ్చాక చూసుకోవాలి. ముసలావిడ చివరిదాకా ఉంది, రెండుసార్లు ఆ ఇంగ్లీషు ఆయనతో గొడవపడింది కూడా. వెళుతూ నా దగ్గర ఆగి గబగబా ఏదో అంది. ఆఖర్న 'హోర్' అన్నది మాత్రం తెలిసింది. మన 'సరేలే'లో 'లే' లాంటి మాట అది. ముందేమందో అందలేదు. మళ్లీ చెప్పండి అని డచ్‌లో అడిగాను. ఆవిడ మళ్లీ చెప్పింది, అంతే వేగంగా.